పందుల షెడ్డులో దగ్గు మొదలైతే: సూదా, నీళ్లలో మందా, టీకానా, షెడ్డు మార్పా?

సంక్రాంతి దగ్గర పడుతుంటే నాకు ఒకే రకం ఫోన్లు వస్తుంటాయి. "అన్నా, పందులు ఒకటే దగ్గుడు. ఏం మందు కొట్టాలె?" నకిరేకల్ నుంచి కావచ్చు, దేవరకొండ నుంచి కావచ్చు, అటు కల్వకుర్తి, జడ్చర్ల వైపు నుంచి కావచ్చు, అడిగేది మాత్రం ఇదే. మందు పేరు చెప్పి ఫోన్ పెట్టేయడం తేలిక. ఆ మాట మీద ఆయన వేలు ఖర్చు పెడతాడు, నెల తిరక్కుండా మళ్లీ అదే దగ్గు. అందుకే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: "ఎన్ని దగ్గుతున్నయ్? ఎన్ని చచ్చినయ్? పిల్లల్ని ఎక్కడ కొన్నరు?"

నేను డాక్టర్ని కాను. చిన్న షెడ్డు నడుపుకుంటూ, దెబ్బలు తిని, పశువైద్యుల వెంట తిరిగి నేర్చుకున్నవాణ్ని. పందుల్లో బ్యాక్టీరియా వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకు రైతు ముందు ఐదు దారులున్నాయి. జబ్బుపడ్డవాటికి సూది వేయించడం, గది మొత్తానికి నీళ్లలోనో దాణాలోనో మందు కలపడం, టీకా వేయించడం, షెడ్డును, పెంపకాన్ని మార్చుకోవడం, మొత్తం ఖాళీ చేసి కొత్తగా మొదలుపెట్టడం. నా మొగ్గు ముందే చెప్పేస్తాను. నలభై, యాభై పందులు మేపేవాళ్లకు టీకా కంటే ముందు షెడ్డు గాలి మీద, పిల్లల్ని కొనే పద్ధతి మీద పెట్టిన రూపాయే ఎక్కువ తిరిగొస్తుంది. ప్రాణం మీదికొస్తే మాత్రం సూది తప్పదు.

## దగ్గుతూ బతికే జబ్బా, దగ్గేలోపే చంపే జబ్బా?

దారి ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఇక్కడ పొరపాటు పడితే తర్వాత ఎంత మంచి మందు తెచ్చినా వృథా.

మొదటి రకం నెమ్మది జబ్బు. మైకోప్లాస్మా హయోన్యుమోనియే అనే సూక్ష్మజీవి వల్ల వస్తుంది. పొడి దగ్గు, వారాల తరబడి సాగుతుంది. తెల్లవారి దాణా వేయడానికి వెళ్లి పడుకున్నవాటిని లేపితే గది నిండా దగ్గు వినిపిస్తుంది. పంది వీపు వంచి, మెడ చాచి, ఐదారు సార్లు వరసగా దగ్గి మళ్లీ తొట్టి దగ్గరికే వెళ్తుంది. తింటుంది, తిరుగుతుంది, చావదు. అందుకే చాలామంది పట్టించుకోరు. కానీ మూడు నెలలు గడిచేసరికి ఒకే ఈతలో పుట్టిన పిల్లల్లో ఒకటి 60 కిలోలు, పక్కది 40 కిలోలు ఉంటుంది. నష్టమంతా దాణా లెక్కలో దాగి ఉంటుంది. ఆ లెక్క కింద వేస్తాను.

రెండో రకం పిడుగులాంటిది. ఆక్టినోబాసిల్లస్ ప్లూరోన్యుమోనియే, డాక్టర్లు పొట్టిగా ఏపీపీ అంటారు. రాత్రి బాగానే తిన్న పంది, అదీ గదిలో బలంగా ఉన్న పంది, పొద్దున్నే చచ్చి పడి ఉంటుంది. ముక్కు దగ్గర రక్తం కలిసిన నురగ. పక్కన మరో రెండు కుక్క కూర్చున్నట్టు ముందుకాళ్ల మీద కూర్చుని, నోరు తెరిచి, డొక్కలు ఎగరేస్తుంటాయి. థర్మామీటర్ పెడితే 106, 107 డిగ్రీల ఫారన్‌హీట్ చూపిస్తుంది. మామూలు పందికి 102 అటూ ఇటూ ఉంటుంది. చెవులు, ముక్కు నీలిరంగుకు తిరుగుతాయి. జబ్బు కనబడ్డ రోజే చచ్చేవీ ఉంటాయి. బతికినవి పైకి కోలుకున్నట్టే ఉంటాయి గానీ వాటి గొంతు టాన్సిల్స్‌లో సూక్ష్మజీవి మిగిలిపోతుంది. తర్వాత చేరిన పిల్లలకు వాటి నుంచే అంటుతుంది.

ఈ రెండింటి మధ్య మరికొన్ని ఉన్నాయి. పాశ్చురెల్లా ఎక్కువగా మరొకటి దెబ్బతీసిన ఊపిరితిత్తుల్లోకి వెనక నుంచి దూరుతుంది. పొడి దగ్గు కాస్తా చీమిడితో తడి దగ్గయి, జ్వరం తోడైందంటే దాన్ని అనుమానించాలి. పాలు మాన్పిన కొన్ని వారాలకు పిల్లలు దగ్గుతో పాటు కీళ్లు వాచి కుంటుతుంటే గ్లాసరెల్లా పారాసుయిస్ కావచ్చు. ముక్కు వంకర తిరిగి, కళ్ల కింద మురికి చారలు కట్టి, తుమ్ముతుంటే అది బోర్డెటెల్లా, ఒక రకం పాశ్చురెల్లా కలిసి చేసే ముక్కు జబ్బు. ఊపిరితిత్తులది కాదు.

దగ్గంతా బ్యాక్టీరియాదే అనుకోవద్దు. ఊళ్లో, చెరువు గట్టున తిరిగే నల్ల పందులు వానపాములు తింటాయి. ఊపిరితిత్తుల్లో చేరే పురుగు వాటి ద్వారానే వస్తుంది. కడుపులో పెరిగే ఏలికపాముల పిల్లలు కూడా పేగుల్లో స్థిరపడే ముందు ఊపిరితిత్తుల మీదుగా ప్రయాణిస్తాయి, అప్పుడూ దగ్గే. చివరిసారి నట్టల మందు ఎప్పుడు వేశారో గుర్తులేకపోతే, యాంటీబయాటిక్ కొనే ముందు డాక్టర్‌కు ఆ సంగతి చెప్పండి.

ఇంకో జాగ్రత్త. చిన్నా పెద్దా తేడా లేకుండా వరసగా చస్తూ, చెవులు, పొట్ట కింద చర్మం ఎర్రగానో ఊదాగానో మారి, మేత పూర్తిగా మానేస్తే అది స్వైన్ ఫీవర్ కావచ్చు, ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ కావచ్చు. ఈ రెండోది మన దేశంలో 2020లో ఈశాన్య రాష్ట్రాల్లో మొదటిసారి బయటపడింది. యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చేయలేదు. అలాంటప్పుడు సూదులు, టీకాలు అన్న ఆలోచన పక్కన పెట్టి పశువైద్యాధికారికి కబురు చేయాలి. పందిని కదిలించకూడదు, అమ్మకూడదు, అక్కడే కోయకూడదు.

అలాంటి అనుమానమేమీ లేక, చచ్చిన పందిని డాక్టర్ కోసి చూపిస్తే, ఊపిరితిత్తులే సగం కథ చెబుతాయి. నేను మొదటిసారి చూసినప్పుడు నిజంగానే ఆశ్చర్యపోయాను. మైకోప్లాస్మా పందిలో ఊపిరితిత్తుల ముందు భాగం, కింది అంచులు స్పాంజిలా కాకుండా ముద్ద మాంసంలా, ఊదారంగులో గట్టిపడి ఉన్నాయి. మిగతాదంతా లేత గులాబీ రంగే. ఏపీపీ అయితే దెబ్బ ఎక్కువగా వెనక, పై భాగంలో ఉంటుంది. నల్లెరుపు గడ్డ, పక్కటెముకలకు అతుక్కుపోయి, లాగితే చిరుగుతుంది. కోతకు పంపే పందుల ఊపిరితిత్తులు చూపించమని కటిక దుకాణం వాళ్లను అడిగితే పైసా ఖర్చు లేకుండా షెడ్డు పరిస్థితి తెలిసిపోతుంది. చేతులకు గ్లోవ్స్ వేసుకునే ముట్టండి. పందుల్లో స్ట్రెప్టోకాకస్ సుయిస్ అనే మరో బ్యాక్టీరియా ఉంది. చేతి గాయంలోంచి మనిషికి పాకి మెదడు పొరల వాపు, చెవుడు తెస్తుంది.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి?

నేనైతే ఐదు చూస్తాను. చావులున్నాయా, లేక ఎదుగుదల నష్టమేనా? ఎన్ని పందులు జబ్బుపడ్డాయి, అవి ఇంకా తింటున్నాయా, తాగుతున్నాయా? అమ్మకానికి ఎన్ని రోజులుంది? తల్లి పందులున్న షెడ్డా, పిల్లల్ని కొని మేపి అమ్మేసే షెడ్డా? చివరగా, డబ్బు ఇప్పుడే పెట్టగలరా లేక కొంచెం కొంచెంగానా? ఈ చివరిది ఎవరూ పైకి చెప్పరు గానీ ఎంపికంతా చాలాసార్లు దాని మీదే తేలుతుంది.

| దారి | బాగా పనికొచ్చేది | ఫలితం కనబడేది | తర్వాతి బ్యాచ్‌కు లాభం | ఖర్చు | ప్రధాన చిక్కు |
|---|---|---|---|---|---|
| సూది | జ్వరం, ఆయాసం, చావులు | 1–3 రోజులు | లేదు | తక్కువతో మొదలై పెరుగుతుంది | ఆలస్యమైతే పనిచేయదు. పట్టుకోవడం కష్టం |
| నీళ్లు, దాణాలో మందు | గదంతా దగ్గు, ఇంకా తింటున్న మంద | 3–7 రోజులు | లేదు | మంద బరువును బట్టి | జబ్బుపడ్డదే తినదు. డోసు తేడా |
| టీకా | ఏటా తిరిగొచ్చే నిర్ధారణైన జబ్బు | నెలల తర్వాత | ఉంది | ప్రతి పిల్లకూ, ప్రతిసారీ | చల్లదనం, సరఫరా, సరైన జబ్బుకు సరైన టీకా |
| షెడ్డు మార్పు | అన్నిటికీ, ముఖ్యంగా నెమ్మది దగ్గు | 2–6 వారాలు | చాలా ఉంది | ఒకసారి, పైగా రోజూ శ్రమ | ఓపిక కావాలి |
| ఖాళీ చేయడం | కొని మేపే షెడ్లు | తర్వాతి బ్యాచ్ | చాలా ఉంది | ఆదాయం కొన్నాళ్లు ఆగుతుంది | పక్క షెడ్డు నుంచి మళ్లీ రావచ్చు |

## సూది: ఎప్పుడు ఆలోచించకుండా, ఎప్పుడు ఆలోచించి

ఏపీపీ లక్షణాలుంటే గంటలు లెక్క. అప్పుడు నీళ్లలో మందు కలిపి చూద్దాం అనడం దండగ. ఆయాసంతో కూర్చున్న పంది తొట్టి దగ్గరికే రాదు. అదే గదిలో జ్వరం మొదలైన మిగతావాటికీ అదే రోజు సూది పడాలి. అందుకే థర్మామీటర్ షెడ్డులో ఉండాలి. 104 దాటినవాటికి వీపు మీద రంగు పూసి గుర్తు పెట్టుకుంటే డాక్టర్ వచ్చేసరికి పని సగం అయిపోతుంది.

ఏ మందు అన్నది జబ్బును బట్టి మారుతుంది. జనం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మైకోప్లాస్మాకు కణం చుట్టూ గోడ ఉండదు. పెన్సిలిన్, ఆంపిసిలిన్, అమోక్సిసిలిన్, సెఫ్టియోఫర్ లాంటివన్నీ ఆ గోడ మీద పనిచేసే మందులే. గోడే లేనప్పుడు ఎన్ని సీసాలు ఖాళీ చేసినా దగ్గు దగ్గే. అవే మందులు ఏపీపీ మీద, పాశ్చురెల్లా మీద బాగా పనిచేయొచ్చు. నెమ్మది దగ్గుకు ఆక్సీటెట్రాసైక్లిన్, టైలోసిన్, లింకోమైసిన్, టియామ్యులిన్ కోవలోవి కావాలి. "పోయినసారి ఆ సూదికి తగ్గింది" అని అదే తెచ్చేవాళ్లు ఈ తేడా గమనించాలి. పోయినసారి వచ్చింది వేరే జబ్బు కావచ్చు.

మన మెడికల్ షాపుల్లో తేలిగ్గా దొరికేది లాంగ్ యాక్టింగ్ ఆక్సీటెట్రాసైక్లిన్. మిల్లీలీటరుకు 200 మిల్లీగ్రాములున్న సీసా అయితే 10 కిలోల బరువుకు 1 మి.లీ. లెక్క. 60 కిలోల పందికి 6 మి.లీ. ఇక్కడ రైతులు చేసే తప్పు పందిని కంటితో చూసి 40 కిలోలు అనుకోవడం. డోసు తగ్గితే జబ్బు తగ్గదు, మందుకు లొంగని బ్యాక్టీరియా మిగులుతుంది. సూది చెవి వెనక మెడ కండలో వేయాలి. తొడలో వేస్తే మంచి మాంసంలో గడ్డ కట్టి, కోసినప్పుడు కొనేవాడు గొడవ పెట్టుకుంటాడు. జ్వరం, నొప్పి తగ్గడానికి డాక్టర్ మెలాక్సికామ్ కలిపి ఇస్తారు. షాపువాడు డైక్లోఫెనాక్ ఇస్తే తీసుకోవద్దు, 2006 నుంచి పశువులకు అది నిషేధం.

అమ్మకానికి నెల రోజులు కూడా లేకపోతే ఈ దారిలో ఒక మెలిక ఉంది. ప్రతి సీసా మీద మందు వేశాక ఎన్ని రోజులు కోతకు పంపకూడదో రాసి ఉంటుంది. లాంగ్ యాక్టింగ్ ఆక్సీటెట్రాసైక్లిన్‌కు చాలా లేబుళ్ల మీద అది దాదాపు నాలుగు వారాలు. పండక్కి అమ్ముదామనుకున్న పందికి పండక్కి పది రోజుల ముందు సూది వేస్తే పండగ బేరం పోయినట్టే. ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెబితే రోజులు తక్కువున్న మందు ఉందేమో చూస్తారు.

## నీళ్లలో, దాణాలో మందు

గదిలో సగానికి పైగా దగ్గుతూ, ఇంకా అన్నీ తింటుంటే ఇది సూదికంటే మేలు. నలభై పందుల్ని ఒక్కొక్కటిగా పట్టుకుని పొడిస్తే ఆ టెన్షన్‌కే రెండు రోజులు మేత తగ్గుతుంది. దాణా కంటే నీళ్లే నయం. ఒంట్లో బాగాలేని పంది మేత మానేసినా కొన్ని నీళ్లయినా తాగుతుంది.

మన ప్రాంతంలో దీనికి మూడు అడ్డంకులున్నాయి. ఒకటి బోరు నీళ్లు. నల్గొండ జిల్లా బోర్ల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ మాట అటుంచి, నీళ్ల తొట్టి అంచున తెల్లగా ఉప్పు కడుతోందంటే ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువని అర్థం. టెట్రాసైక్లిన్ మందులు వాటితో అతుక్కుని ఒంటికి పట్టవు. మందు కలిపే రోజుల్లో మిషన్ భగీరథ నల్లా నీళ్లు గానీ, పట్టి ఉంచిన వాన నీళ్లు గానీ వాడండి, లేదా డాక్టర్‌ను వేరే మందు అడగండి.

రెండోది ఎండ. డోసు పంది బరువును బట్టి, కలిపేది మాత్రం నీళ్లలో. జనవరిలో 60 కిలోల పంది ఐదారు లీటర్లు తాగితే, మే నెలలో అంతకు బాగా ఎక్కువ తాగుతుంది, ఒంటి మీద పోసుకుని పొర్లేది వేరే. కాబట్టి చలికాలం రాసిచ్చిన చీటీ చూసి ఎండాకాలం కలపకూడదు.

మూడోది కోళ్ల దాణా. ఇది మాత్రం దయచేసి రెండుసార్లు చదవండి. మన దగ్గర కోళ్ల ఫారాలు ఎక్కువ, మిగిలిన బ్రాయిలర్ దాణా చవగ్గా దొరికితే పందులకు వేస్తుంటాం. అందులో కోళ్లకు రక్త పారుడు రాకుండా సాలినోమైసిన్, మోనెన్సిన్ లాంటి మందులు కలిపి ఉండొచ్చు. అది తింటున్న పందికి టియామ్యులిన్ ఇస్తే కండరాలు దెబ్బతిని కాళ్లు పడిపోతాయి, చచ్చిపోతుంది కూడా. రెండింటికీ మధ్య కనీసం వారం ఎడం ఉండాలి. డాక్టర్ అడగకపోయినా "కోళ్ల దాణా వేస్తున్నాం సార్" అని మీరే చెప్పాలి.

ఇక "ముందు జాగ్రత్తగా" నెల నెలా దాణాలో యాంటీబయాటిక్ కలిపే అలవాటు నాకు నచ్చదు. అవసరమైనప్పుడు అదే మందు పనిచేయదు. కోలిస్టిన్‌ను మాంసానికి, పాలకు, గుడ్లకు పెంచే జీవాలకు వాడకుండా కేంద్రం 2019లో నిషేధించింది కూడా ఇలాంటి అలవాటు వల్లే.

## టీకా: ఎవరికి నిజంగా కావాలి?

"గొంతువాపు టీకా వేయిస్తే సరిపోదా?" అని చాలామంది అడుగుతారు. ఆవులు, బర్రెలకు వానలకు ముందు ప్రభుత్వం వేసే గొంతువాపు టీకా పాశ్చురెల్లాదే, కానీ అది బి-2 రకం. పందుల్లో న్యుమోనియా చేసేది ఎక్కువగా ఎ రకం. మైకోప్లాస్మాకు, ఏపీపీకి దాంతో అసలు సంబంధమే లేదు. స్వైన్ ఫీవర్ టీకా సంగతి వేరు. అది వైరస్‌కే అయినా తప్పకుండా వేయించాలి. స్వైన్ ఫీవర్ తనంతట తాను చంపడమే కాక, ఒంట్లో తట్టుకునే శక్తిని దెబ్బతీసి ఈ బ్యాక్టీరియాలకు దారి ఇస్తుంది.

మైకోప్లాస్మా టీకా పెద్ద ఫారాల్లో పిల్లకు దాదాపు 3 వారాల వయసులో వేస్తారు. దగ్గు తగ్గుతుంది, ఊపిరితిత్తుల దెబ్బ తగ్గుతుంది, ఎదుగుదల బాగుపడుతుంది. కానీ సూక్ష్మజీవి పందిలోకి రాకుండా అది ఆపలేదు. ఏపీపీలో ఇప్పటికి పద్దెనిమిదికి పైగా ఉపరకాలు గుర్తించారు. చంపిన బ్యాక్టీరియాతో చేసిన టీకా తన రకానికే పనిచేస్తుంది, ఆ బ్యాక్టీరియా వదిలే విషపదార్థాలతో తయారైనవి కాస్త విస్తృతంగా కాపాడతాయి. కాబట్టి ఏ జబ్బో ల్యాబ్‌లో తేలకుండా టీకా కొనడం గుడ్డిగా రాయి విసరడమే.

ఇవి మండలంలోని మెడికల్ షాపు ఫ్రిజ్‌లో ఉండే సరుకు కాదు. డాక్టర్ ద్వారా ముందుగా ఆర్డర్ చెప్పుకోవాలి, ఈ బ్యాచ్‌కే కాక వచ్చే బ్యాచ్‌కూ వస్తుందో లేదో అడగాలి. ఒక బ్యాచ్‌కు వేసి తర్వాతిదానికి ఆపేస్తే పెట్టిన డబ్బు నిలవదు. రవాణాలో 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ చల్లదనం ఉండాలి. హైదరాబాద్ నుంచి మే నెలలో బస్సులో తెస్తూ ఐస్ ముక్కల మధ్య నేరుగా పెట్టినా చెడిపోతుంది. గడ్డకట్టిన టీకా వేసినా వేయనట్టే.

కొని మేపేవాళ్లకు ఇంకో ఇబ్బంది. పిల్ల మీ చేతికొచ్చేసరికి ఎనిమిది, పది వారాలుంటుంది, అప్పటికే అంటుకుని ఉంటుంది. టీకా వేయాల్సింది పుట్టిన షెడ్డులో, దాని లాభం పొందేది మీరు. కాబట్టి పిల్లలమ్మేవాడితో బేరమాడేటప్పుడు ధర ఒక్కటే కాకుండా ఈ మాట కూడా పెట్టండి.

## షెడ్డు: నేను డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్నది

కొన్నేళ్ల కింద, పిల్లలు చవగ్గా వస్తున్నాయని మూడు ఊళ్ల నుంచి ముప్పై ఎనిమిది ఏరుకొచ్చాను. అన్నీ ఒకే గదిలో వదిలాను. డిసెంబరు నెల, రాత్రిళ్లు చలి. పాపం వణుకుతున్నాయని నాలుగు వైపులా టార్పాలిన్ నేల నుంచి కప్పు దాకా బిగించి కట్టాను. పొద్దున పరదా ఎత్తితే ఘాటుకు నా కళ్లలోనే నీళ్లు తిరిగాయి. అది నా ముఖం ఎత్తులో. పంది ముక్కు ఉండేది నేలకు అడుగు ఎత్తులో, ఆ ఘాటు పుట్టేది కూడా అక్కడే. మూడో వారానికి దగ్గు, ఐదో వారానికి జ్వరాలు. నాలుగు చచ్చాయి. మిగిలినవి బతికాయి గానీ ఎదగలేదు.

తర్వాత వచ్చిన డాక్టర్ సార్ మందుల చీటీ రాసే ముందు నన్ను గదిలో మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. "ఐదు నిమిషాలుండు, ఏడ్వకుండా ఉండగలిగితే గాలి బాగుంది" అన్నారు. మూడు నిమిషాలకే లేచాను.

అప్పటి నుంచి చేసిన మార్పులివి. టార్పాలిన్ కింద నుంచి మూడు అడుగులే కడతాను, పైన కప్పు కింద అడుగున్నర ఎప్పుడూ తెరిచే ఉంటుంది. చల్లగాలి పందుల మీదికి నేరుగా కొట్టదు, ఘాటు పైనుంచి పోతుంది. చలి ఎక్కువైతే చిన్న పిల్లలకు ఒక మూల ఎండుగడ్డి పరిచి బల్బు వేలాడదీస్తాను. ఒకదాని మీద ఒకటి ఎక్కి పడుకుంటే చలేస్తోందని, దూరదూరంగా పడుకుని రొప్పుతుంటే ఉక్కపోస్తోందని అర్థం. థర్మామీటర్ కంటే ఇది నమ్మకం. పెద్ద పందికి పది చదరపు అడుగులు తక్కువ కాకుండా చూస్తాను. మూత్రం నిలవకుండా నేల వాలు సరిచేయించడానికి రెండు బస్తాల సిమెంటు పట్టింది, అంతే.

దుమ్ము సంగతి మాత్రం ఆలస్యంగా గ్రహించాను. మిర్యాలగూడ మిల్లుల నుంచి తవుడు, నూకలు తెచ్చి వేయడం మనకు మామూలే. పొడి తవుడు తొట్టిలో కుమ్మరిస్తే లేచే దుమ్ము ఐదు నిమిషాలు గాల్లో తేలుతుంది, ఆకలితో ఉన్న పందులు అందులోనే మూతి పెట్టి గట్టిగా పీల్చుకుంటాయి. ఇప్పుడు ముద్దగా తడిపి వేస్తున్నాం. ఒక కూలీకి అదనంగా పావుగంట పని. ఈ ఒక్క మార్పుకే తెల్లవారు దగ్గు తగ్గింది.

అన్నిటికంటే కష్టమైంది కలపకుండా ఉండటం. వేర్వేరు చోట్ల పిల్లల్ని కలపను, నాలుగు నెలలదాన్ని రెండు నెలలవాటి గదిలో వేయను. ఎదగక వెనకబడ్డ పందిని చిన్నవాటితో కలిపితే కోలుకుంటుందని జాలిపడతాం. అది చిన్నవాటన్నిటికీ జబ్బు పంచుతుంది. దాణా వేయడం, కడగడం చిన్నవాటి గది నుంచి మొదలుపెట్టి పెద్దవాటి వైపు వెళ్లాలి, దగ్గుతున్న గది ఆఖరున. కొత్తగా కొన్న తల్లి పందిని, మగ పందిని దూరంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంచాలి. రెండు వారాలు సరిపోవు, మైకోప్లాస్మా నెమ్మదిగా బయటపడుతుంది, ఒకసారి సోకిన పంది ఆరు నెలలకు పైగా అంటించగలదు.

లెక్క కావాలంటే ఇదిగో. పెరిగే పంది రోజుకు సుమారు రెండున్నర కిలోల దాణా తింటుంది. దగ్గు వల్ల అమ్మే బరువుకు 20 రోజులు ఆలస్యమైతే పందికి 50 కిలోలు, నలభై పందులకు 20 క్వింటాళ్లు. మీ దాణా ధరతో గుణించి చూడండి. సిమెంటు, టార్పాలిన్, కూలీ అన్నీ కలిపినా దాని దగ్గరికి రావు.

## ఖాళీ చేయడం

కొని మేపేవాళ్లకు ఇది దాదాపు ఉచితం. బ్యాచ్ మొత్తం ఒకేసారి అమ్మి, పేడ ఎత్తి, సబ్బు నీళ్లతో రుద్ది కడిగి, సున్నం కొట్టి, రెండు వారాలు ఎండనిస్తే చాలు. మన ఎండలే సగం పని చేస్తాయి. చెడగొట్టేది ఒక్కటే అలవాటు: "ఈ ఐదు ఇంకా చిన్నగున్నయ్, వచ్చే బ్యాచ్‌తో అమ్ముదాం." ఆ ఐదే పాత జబ్బును కొత్తవాటికి అప్పజెప్పేవి.

తల్లి పందులున్న షెడ్డుకు ఇది తలకు మించిన పని. స్విట్జర్లాండ్‌లో ఇదే మైకోప్లాస్మాను తరిమేయడానికి పది నెలల లోపు పందులన్నిటినీ తీసేసి, రెండు వారాల పాటు ఈతలు లేకుండా చూసి, మిగిలిన పెద్దవాటికి మందులిచ్చారు. ప్రాంతాలవారీగా, ఊరంతా కలిసి చేశారు కాబట్టి నిలిచింది. ఆ సూక్ష్మజీవి గాలిలో కొన్ని కిలోమీటర్లు పోగలదు. పక్క ఊళ్లో షెడ్డుండగా మనమొక్కరం చేస్తే ఎన్నాళ్లు ఆగుతుందో చెప్పలేం. ఏపీపీ అంత దూరం పోదు, ఎక్కువగా కొన్న పందితోనే వస్తుంది, కాబట్టి దానికి కొనుగోలులో జాగ్రత్తే గట్టి కాపలా.

## మీరు వీళ్లలో ఎవరు?

ఇరవై నుంచి యాభై పిల్లల్ని కొని, ఆరేడు నెలల్లో అమ్మేవారైతే: ఒకే చోట కొనండి, షెడ్డు గాలి సరిచేయండి, బ్యాచ్ మధ్య ఖాళీ ఉంచండి. దగ్గు ముదిరితే నీళ్లలో మందు, జ్వరమొచ్చినవాటికి సూది. టీకా జోలికి ఇప్పుడే వద్దు.

పది, పదిహేను తల్లి పందులతో పిల్లల్ని తీసి అమ్మేవారైతే సమస్య వేరు. మీ షెడ్డులో ఎప్పుడూ ఏదో ఒక వయసు పిల్లలుంటాయి, జబ్బుకు విరామం దొరకదు. ఈతలు విడివిడిగా కాకుండా నాలుగైదు ఒకేసారి వచ్చేలా దాటించడం అలవాటు చేసుకోండి. ఆ గది ఒకేసారి నిండి ఒకేసారి ఖాళీ అవుతుంది. అది కుదిరాక, ల్యాబ్‌లో మైకోప్లాస్మా అని తేలితే టీకా మీకు లాభమే. పిల్లను కొనేవాడికి చెప్పుకుని ధర కూడా అడగొచ్చు.

నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ సబ్సిడీతో 50 ఆడ, 5 మగ పందుల షెడ్డు కడుతున్నవారు నాకు ఫోన్ చేసినప్పుడు ఒకటే చెబుతాను: ప్లాన్ కాగితం మీద ఉండగానే వెడల్పు ఒకే హాలు కాకుండా గోడలతో విడిగదులు గీయించండి. కట్టాక పగలగొట్టడం ఎవరివల్లా కాదు. టీకా ఖర్చు మొదటి ఏడాది నుంచే లెక్కలో రాసుకోండి. అన్ని తల్లుల్ని ఒకే ఊరు నుంచి కాకపోయినా ఒకే నెలలో తెచ్చి, విడిగా ఉంచి, ఆ తర్వాతే కలపండి.

ఊళ్లో వదిలి పెంచే నల్ల పందులున్నవారికి గాలి సమస్య లేదు, గుంపు సమస్య తక్కువ. నట్టల మందు, స్వైన్ ఫీవర్ టీకా, హైవే దాబాల నుంచి తెచ్చే ఎంగిలిని బాగా మరిగించి వేయడం, ఈ మూడూ మీకు పై ఐదు దారులకంటే ముందు.

ఈ నెలలోనే అమ్మేయాల్సినవారు కొత్తగా ఏదీ మొదలుపెట్టకండి. దగ్గు మాత్రమే ఉండి జ్వరం లేకుంటే టార్పాలిన్ పైకెత్తి, దాణా తడిపి, ఆ బ్యాచ్ వెళ్లనివ్వండి. చావులుంటే అమ్మకం ఆపి 1962కు ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది. అది వచ్చేలోపు నాలుగు సంగతులు కాగితం మీద రాసి పెట్టుకోండి: ఎన్ని, ఏ వయసు, ఎప్పటి నుంచి, ఇప్పటికే ఏ మందు వేశారు. చివరిదాన్ని దాచొద్దు, డాక్టర్ తిడతారని మనం దాచేది సరిగ్గా అదే.

మార్పులు చేశాక పనిచేశాయో లేదో తెలియాలంటే దగ్గు లెక్కపెట్టాలి. పొద్దున పందుల్ని లేపి, ఒక నిమిషం ఆగి, తర్వాత మూడు నిమిషాల పాటు వినిపించిన ప్రతి దగ్గుకూ గోడ మీద బొగ్గుతో గీత పెడతాం. తడి దాణా మొదలుపెట్టిన రోజు మా గదిలో ఇరవై రెండు గీతలు. ఆరో వారానికి ఐదు. ఆరు వారాలు షెడ్డు సరిగ్గా ఉంచినా మీ గోడ మీద గీతలు తగ్గకపోతే, అప్పుడు డాక్టర్‌ను టీకా గురించి అడగండి.